వీధి మధ్యలో దేశం మారిపోయే ఊరు

ఉక్రెయిన్‌కు పడమటి కొసన, స్లొవేకియాను ఒరుసుకుని మాలి సెల్మెంత్సి అనే పల్లె ఉంది. ఊరి ప్రధాన వీధిలోనే నాలుగు అడుగులు ముందుకు వేస్తే పల్లె పేరు వెల్కే స్లెమెంత్సే అవుతుంది, దేశం స్లొవేకియా అవుతుంది, గడియారం గంట వెనక్కి పోతుంది. మారనిది జనం మాట మాత్రమే. అటూ ఇటూ కూడా ఎక్కువ ఇళ్ళల్లో వినిపించేది ఉక్రేనియనూ కాదు, స్లొవాకూ కాదు, హంగేరియన్. వాళ్ళ లెక్కలో ఇది ఇప్పటికీ ఒకటే ఊరు, సెల్మెంత్స్. స్లొవేకియా వైపుది పెద్ద సెల్మెంత్స్, ఉక్రెయిన్ వైపుది చిన్న సెల్మెంత్స్. మన పల్లెల్లో ఎగువ వీధి, దిగువ వీధి అన్నట్టే.

చిన్నదంటే నిజంగానే చిన్నది. రెండు ముక్కలూ కలిపినా వెయ్యి గడప ఉండదు. కానీ ఇరవయ్యో శతాబ్దపు ఐరోపా రాజకీయమంతా ఈ ఊరి మీదుగానే నడిచి వెళ్ళిందా అనిపిస్తుంది.

గడప దాటకుండా దేశాలు మారిన తాత

ఈ ప్రాంతాన్ని ట్రాన్స్‌కర్పేథియా అంటారు, ఉక్రేనియన్‌లో జకర్‌పాత్యా. ఇక్కడివాళ్ళు తరచూ చెప్పుకునే హాస్యం ఒకటుంది. ఓ తాతను పట్టుకుని విలేఖరి అడిగాడట, ఎక్కడ పుట్టారు అని. ఆస్ట్రియా-హంగేరీలో అన్నాడు తాత. చదువు? చెకొస్లొవేకియాలో. పెళ్ళి? హంగేరీలో. ఉద్యోగం? సోవియట్ యూనియన్‌లో. ఇప్పుడు ఉండేది? ఉక్రెయిన్‌లో. అబ్బో, బాగానే దేశాలు తిరిగారే అన్నాడు విలేఖరి. నేనెక్కడికీ పోలేదు నాయనా, మా ఊరు దాటి ఎరగను అన్నాడు తాత.

నవ్వు పక్కన పెట్టి తేదీలు చూస్తే తాత అబద్ధమేమీ ఆడలేదు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా సెల్మెంత్స్ ఉన్నది హంగేరీ రాజ్యంలోని ఉంగ్ జిల్లాలో. యుద్ధం తర్వాత కుదిరిన ఒప్పందాలతో కొత్తగా పుట్టిన చెకొస్లొవేకియాలోకి వెళ్ళింది. 1938 నవంబర్ 2న వియన్నాలో జర్మనీ, ఇటలీ కూర్చుని తీర్పు చెప్పి దీన్ని మళ్ళీ హంగేరీకి అప్పగించాయి. 1944 శరదృతువులో సోవియట్ ఎర్రసైన్యం వచ్చింది. 1991 నుంచి చిన్న సెల్మెంత్స్ స్వతంత్ర ఉక్రెయిన్‌లో ఉంది.

ఈ వరసలో కంటికి కనపడకుండా జారిపోయేది ఇంకొకటుంది. 1939 మార్చి 15న, చెకొస్లొవేకియా కూలిపోతున్న ఆ గందరగోళంలో, ఈ ప్రాంతంలోని ఖూస్త్ పట్టణంలో కార్పాతో-ఉక్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆవ్గుస్తిన్ వొలోషిన్ అనే మతగురువు దానికి అధ్యక్షుడు. అప్పటికే హంగేరీ సైన్యం లోపలికి వస్తోంది. ప్రకటించిన మర్నాటికే ఆ రాజ్యం కథ ముగిసింది.

గీత అక్కడే ఎందుకు పడింది?

ఐరోపాలో యుద్ధం ముగిశాక, 1945 జూన్ 29న, మాస్కోలో చెకొస్లొవేకియా ఈ ప్రాంతాన్ని సోవియట్ యూనియన్‌కు రాసిచ్చింది. నిజానికి పాత హద్దు ప్రకారం పోతే సెల్మెంత్స్ మొత్తం స్లొవేకియా వైపే మిగలాలి. గీతను పడమటికి జరిపింది ఒక రైల్వే జంక్షన్.

దాని పేరు చోప్. బుడాపెస్ట్ దారి, కొషిత్సే దారి, ల్వీవ్ దారి వచ్చి కలిసే చోటు. అంతకు ముందు అది స్లొవేకియా భాగంలోనే ఉండేది. స్టాలిన్ ప్రభుత్వానికి ఆ జంక్షన్ కావాలి. దాంతోపాటు చుట్టూ ఉన్న పట్టీ కావాలి. అలా చోప్, దాని దరిదాపుల్లోని కొన్ని పల్లెలు సోవియట్ వైపు పోయాయి. ఆ పట్టీ అంచు వచ్చి సరిగ్గా సెల్మెంత్స్ వీధి మీద పడింది. 1946లో కంచె లేచింది. భాషను బట్టి కాదు, నదిని బట్టి కాదు, కొండను బట్టి అంతకంటే కాదు. ఇక్కడ కొండే లేదు. కర్పేథియన్ పర్వతాలు తూర్పున ఉన్నాయి, ఈ పల్లె హంగేరీ మైదానపు కొసన, మొక్కజొన్న పండే చదును నేల మీద ఉంది. చదును నేల మీద గీత గీయడం ఎవరికైనా సులువే కదా!

అన్నదమ్ములు, తల్లీకూతుళ్ళు, చేలూ వాటి యజమానులూ రెండు దేశాలయ్యారు. మధ్యలో ముళ్ళతీగ, కాపలా సిపాయిలు. సోవియట్ సరిహద్దుల వెంట ఎక్కడ చూసినా మెత్తగా దున్ని చదును చేసిన ఒక మట్టి పట్టీ ఉండేది. పంట కోసం కాదు, రాత్రి ఎవరైనా దాటితే అడుగుల జాడ పడాలని.

పాటలో కబురు

కంచె ఇవతలి నుంచి అవతలికి పలకరింపులు నిషేధం. చెయ్యి ఊపినా తప్పే. మరి కబుర్లు ఎలా చేరేవి? పాడుకునేవాళ్ళు. పెరట్లో పాదులు తవ్వుకుంటూ, తన మానాన తాను పాడుకుంటున్నట్టు ఒకావిడ హంగేరియన్‌లో రాగం ఎత్తుకునేది. అందులోనే ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరు పోయారో చరణాల్లో దూర్చేసేది. అవతల కలుపు తీస్తున్నవాళ్ళు తలెత్తకుండా విని, కాసేపాగి జవాబు పాడేవాళ్ళు. కాపలా సిపాయిలు సోవియట్ దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు. వాళ్ళకు హంగేరియన్ ముక్క రాదు. పల్లె ఆడవాళ్ళు పని చేసుకుంటూ పాడుకోవడంలో అనుమానించడానికేముంది? రెండు వైపులా పెద్దవాళ్ళు ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

సరే, ఎదురింటికి వెళ్ళాలంటే? మొదట అటువైపు నుంచి ఆహ్వానం రావాలి. దరఖాస్తు పెట్టుకోవాలి, అనుమతి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఆ తర్వాత ఉజ్‌హొరోద్ నగరం మీదుగా పెద్ద సరిహద్దు కేంద్రం చేరుకుని, అక్కడ దాటి, అవతలి వైపు మళ్ళీ వెనక్కి తిరిగి రావాలి. వాకిట్లో నిలబడితే కనిపించే ఇంటికి ఇదీ దారి! 1991లో సోవియట్ యూనియన్ పోయింది, కంచె మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. 1989లో బెర్లిన్ గోడ పడిపోయినప్పుడు ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ఈ పల్లె కంచెకు ఆ వైభోగం పట్టలేదు.

'మూడు రోజుల పని'

ఈ ప్రాంతపు విశేషాల్లో సరదావి ఎన్ని ఉన్నా, ఇది చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. 1944 మే నెలలో, హంగేరీ పాలన ఉండగా, ఉజ్‌హొరోద్ ఘెట్టో నుంచి యూదులను రైళ్ళలో ఆష్విట్స్ మరణ శిబిరానికి తరలించారు. ఆ ఏడాదే నవంబర్‌లో, ఎర్రసైన్యం వచ్చాక, 18 నుంచి 50 ఏళ్ళ మధ్య ఉన్న హంగేరియన్, జర్మన్ మగవాళ్ళను 'మూడు రోజుల చిన్న పని ఉంది, రండి' అని పిలిచి పట్టుకుపోయారు. స్వాల్యావా దగ్గర శిబిరంలో పోగేసి, అక్కణ్ణుంచి దూరప్రాంతాలకు తోలారు. వేల మంది తిరిగి రాలేదు. ఆ మాట అక్కడి హంగేరియన్లలో నేటికీ వాడుకలో ఉంది, 'చిన్న పని' అనే రష్యన్ మాటలను తమ నోట అరిగించుకుని 'మాలెంకీ రోబోట్' అంటారు. స్వాల్యావాలో ఇప్పుడు స్మారక వనం ఉంది.

గేటు తెరిపించడానికి వాషింగ్టన్ దాకా

కంచె కదలాలని ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. పనిలో కదలిక వచ్చింది మాత్రం అమెరికాలోని హంగేరియన్లు పట్టించుకున్నాకే. 2003లో కంచెకు అటూ ఇటూ చెక్కిన కొయ్య ద్వారం ఒకటి నిలబెట్టారు. ట్రాన్సిల్వేనియాలోని సేకెయ్ జనం ఇళ్ళ ముందు పెట్టే పెద్ద చెక్కడపు గుమ్మం అది. దాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం స్లొవేకియాలో, ఇంకో సగం ఉక్రెయిన్‌లో పాతారు. 2004లో ఇరువైపుల మేయర్లూ వాషింగ్టన్ వెళ్ళి అమెరికా కాంగ్రెస్ మానవ హక్కుల బృందం ముందు తమ వీధి గొడవ వినిపించారు. ఎదురెదురు ఇళ్ళ తగవు అట్లాంటిక్ దాటి వెళ్ళాల్సి వచ్చిందన్నమాట.

చివరికి 2005 డిసెంబర్ 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు గేటు తెరుచుకుంది. కాలినడకన వెళ్ళేవాళ్ళకూ సైకిళ్ళకూ మాత్రమే. కార్లూ, లారీలూ ఇటు రాకూడదు.

తెరుచుకున్నాక ఏం జరిగింది?

కథ ఇక్కడ సుఖాంతమైతే బాగుండేది. కానీ వీసాలనేవి ఉన్నాయి. ఆ 2005లోనే ఉక్రెయిన్ ఐరోపా సమాఖ్య పౌరులకు వీసా తీసేసింది. స్లొవేకియా వాళ్ళు జేబులో చేతులు పెట్టుకుని ఇటు రావచ్చు. ఇటువాళ్ళు అటు వెళ్ళాలంటే వీసా తప్పనిసరి. మొదట్లో దానికి డబ్బు కట్టనక్కర లేదు. 2007 డిసెంబర్ 21న స్లొవేకియా షెంగెన్ ప్రాంతంలో చేరింది. దాంతో ప్రాగ్, పారిస్ వైపు హద్దులన్నీ మాయమయ్యాయి, ఈ వీధి హద్దు మాత్రం ఇంకా బిగుసుకుంది. వీసా రుసుము 35 యూరోలయింది. పల్లెటూరి ముసలివాళ్ళ పింఛనుతో పోల్చుకుంటే అది మాటలు కాదు. 2008లో సరిహద్దు గ్రామాలవాళ్ళకు ప్రత్యేక అనుమతి పత్రాలు ఇస్తామని రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాక కొంత నయం. ఉక్రెయిన్ వాళ్ళకు వీసా బాధ అసలు తప్పింది 2017 జూన్ 11న.

రాకపోకలు ఒకవైపు నుంచే ఎక్కువైతే ఏమవుతుంది? బజారు పుడుతుంది. మాలి సెల్మెంత్సిలో గేటు దాటగానే వీధికి రెండు వైపులా దుకాణాలు లేచాయి. సిగరెట్లు, వోడ్కా, చాక్లెట్లు, చెప్పులు, బట్టలు. స్లొవేకియా 2009లో యూరోకు మారాక ఇక్కడి ధరలు వాళ్ళకు మరీ ముద్దొచ్చాయి. బంధువులను చూడ్డానికి తెరిచిన గేటులో సంచులు పట్టుకున్న కొనుగోలుదార్లే ఎక్కువ కనిపించసాగారు. సిగరెట్లకు హద్దు ఉంది లెండి, నేల మార్గాన వెళ్ళే మనిషికి 40, అంటే రెండు పెట్టెలు. బంధుత్వాల పేరు చెప్పి పోరాడితే బజారు వచ్చిందేమిటని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. నాకైతే అందులో తప్పేమీ కనపడదు. అరవై ఏళ్ళు కంచె చూసిన వీధికి నాలుగు దుకాణాలు వస్తే రానివ్వండి.

యారొస్లావ్ వొయ్‌తెక్ అనే స్లొవాక్ దర్శకుడు ఈ ఊరి మీద 'హ్రనిత్సా' అనే డాక్యుమెంటరీ తీశాడు, 2009లో విడుదలైంది. 'హద్దు' అని అర్థం.

ఇక్కడ గంటెంత అయింది?

ఉక్రెయిన్ గడియారం స్లొవేకియా కంటే గంట ముందుంటుంది. సోవియట్ కాలంలో మాస్కో సమయం నడిచినందువల్ల తేడా రెండు గంటలు. వీధికి ఈ చివర భోజనాల వేళ, ఆ చివర ఇంకా పొయ్యి వెలిగించే వేళ.

తమాషా ఏమిటంటే ట్రాన్స్‌కర్పేథియా హంగేరియన్లు చాలామంది ఉక్రెయిన్‌లో ఉంటూనే ఇంట్లో మధ్య ఐరోపా సమయం పాటిస్తారు. కీవ్ సమయం ఆఫీసులకూ రైళ్ళకూ. 'మన సమయం' పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ, ప్రార్థనలకూ. అందుకే ఎవరైనా ఏడింటికి రమ్మంటే, ఏ ఏడింటికి అని అడగడం అక్కడ మామూలు.

మరి సూర్యుణ్ణి అడిగితే? ఈ ఊరు దాదాపు 22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. కీవ్ సమయానికి ఆధారం 30 డిగ్రీలు, మధ్య ఐరోపా సమయానికి 15. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన, చలికాలపు గడియారం ప్రకారం ఇక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి సగటున కీవ్ గడియారంలో 12.30 దాటుతుంది, స్లొవేకియా గడియారంలో 11.30 దాటుతుంది. రెండూ అరగంట చొప్పున తప్పే!

మూడున్నర అంగుళాలు కూడా లేని అడ్డంకి

ఊరిని చీల్చిన ఆ చోప్ జంక్షన్‌లో రైళ్ళకు ఇప్పటికీ ఒక తంతు ఉంది. సోవియట్ పట్టాల మధ్య దూరం 1,520 మిల్లీమీటర్లు. హంగేరీ, స్లొవేకియా పట్టాలు 1,435. తేడా 85 మిల్లీమీటర్లే, కానీ ఆ తేడాతో ఏ పెట్టే ముందుకు కదలదు. అందుకని దూరప్రయాణపు పెట్టెలను షెడ్డులోకి తెచ్చి, ఒక్కోదాన్నీ జాకీలతో పైకి లేపుతారు. కింద పాత చక్రాల బండ్లను లాగేసి, కొత్త కొలతవి తోసి, పెట్టెను మెల్లగా దించుతారు. ప్రయాణికులు లోపలే ఉంటారు. టీ తాగేవాళ్ళు తాగుతుంటారు, పడుకున్నవాళ్ళకు తెలియకపోనూ వచ్చు.

బరువైన సరుకు రైళ్ళకు ఇలా చెయ్యడం సులువు కాదు. అందుకే 1960ల్లో కొషిత్సేలో ఉక్కు కర్మాగారం పెట్టినప్పుడు ఉక్రెయిన్ ఇనుప ఖనిజం నేరుగా చేరేలా సోవియట్ కొలత పట్టాలనే స్లొవేకియా లోపలికి వేశారు. ఆ మార్గం హద్దు దాటేది సెల్మెంత్స్‌కు దగ్గర్లోనే. మనుషులు దాటలేని రోజుల్లో ఖనిజం ఏ అడ్డూ లేకుండా దాటింది.

చిల్లర విశేషాలు

ట్రాన్స్‌కర్పేథియా నాలుగు దేశాలతో హద్దు పంచుకుంటుంది: పోలండ్, స్లొవేకియా, హంగేరీ, రొమేనియా. ఉక్రెయిన్‌లో మరే ప్రాంతానికీ ఇన్ని పొరుగులు లేవు. ఉజ్‌హొరోద్ నుంచి కీవ్ రోడ్డు మీద 800 కిలోమీటర్ల దాకా ఉంటే, బుడాపెస్ట్ అందులో సగం కూడా లేదు.

ఉక్రెయిన్‌లో అన్నిటికంటే పడమటి పల్లె సొలొమొనొవో. చోప్ పక్కనే, టీసా నది దగ్గర, మూడు దేశాలు కలిసే చోట. ఊరు మూలన ఉన్నా, ఇక్కడి కర్మాగారంలో ఏళ్ళ తరబడి స్కోడా కార్లు బిగించారు.

ఉజ్‌హొరోద్ విమానాశ్రయం రన్‌వే స్లొవేకియా హద్దును తాకేంత దగ్గరగా ముగుస్తుంది. ఆ వైపు నుంచి విమానం లేవాలన్నా దిగాలన్నా పొరుగుదేశపు ఆకాశంలోకి వెళ్ళక తప్పదు.

2012 జూలైలో స్లొవేకియా పోలీసులకు ఉజ్‌హొరోద్ నుంచి హద్దు కింద తవ్విన సొరంగం దొరికింది. దాదాపు 700 మీటర్ల పొడవు, లోపల బుల్లి రైలు పట్టాలు, వాటి మీద సిగరెట్ల రవాణా. పట్టుబడ్డ సిగరెట్లు 25 లక్షలు. పైన వీసాల కోసం జనం వరసల్లో నిలబడితే, కింద రైలు నడిచింది.

రొమేనియా హద్దున ద్యీలొవె అనే పల్లెలో, టీసా ఒడ్డున, ఆస్ట్రియా-హంగేరీ భూమాపకులు 1887లో నాటిన రాయి ఉంది. ఐరోపా భౌగోళిక కేంద్రం ఇదేనని ఊరివాళ్ళంటారు, సందర్శకులు ఫొటోలు దిగుతారు. అది ఎత్తులు కొలవడానికి పెట్టిన గుర్తు మాత్రమేనని వాదించేవాళ్ళూ ఉన్నారు. 1989లో ఫ్రెంచి నిపుణులు లెక్క కట్టి కేంద్రం లిథువేనియాలో ఉందన్నారు. ఖండానికి అంచులు ఎక్కడని ఒప్పుకుంటామో దాన్ని బట్టి నడుమ మారుతుంది.

ఆ చివర ఇంకో వీధి

దేశానికి సరిగ్గా ఎదురు కొసన, తూర్పున లుహాన్‌స్క్ ప్రాంతంలో, మీలొవె అనే ఊరు ఉంది. దానికీ రష్యాలోని చెర్ట్‌కొవోకూ మధ్య హద్దు ఒక వీధే. సోవియట్ రోజుల్లో అది ఉన్నట్టే ఎవరికీ పట్టలేదు. ఆ వీధి పేరు 'జాతుల స్నేహం'. ఉక్రెయిన్ వైపు నుంచి రొట్టె కొనడానికి రష్యా వైపు దుకాణానికి దాటి వెళ్ళేవాళ్ళు. 2018లో రష్యా అదే వీధి పొడవునా ముళ్ళకంచె వేసింది. పడమట ఒక వీధిలో కంచెకు గేటు పెడితే, తూర్పున ఇంకో వీధిలో గేటే అక్కర్లేని చోట కంచె వచ్చింది. 2022 ఫిబ్రవరి 24న దండయాత్ర మొదలైనప్పుడు రష్యా సేనలు దాటి వచ్చిన చోట్లలో మీలొవె ఒకటి.

మనవాళ్ళు నడిచిన దారి

ఉజ్‌హొరోద్ జాతీయ విశ్వవిద్యాలయం పేరు వైద్యం చదవడానికి పిల్లలను ఉక్రెయిన్ పంపిన తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. యుద్ధం వచ్చాక దేశం నలుమూలల నుంచీ భారతీయ విద్యార్థులు పడమటి హద్దులకు పరుగెత్తారు. చాలామంది చోప్ దగ్గర దాటి హంగేరీలోని జాహొన్యి స్టేషన్‌లో దిగారు. స్లొవేకియా చేరినవాళ్ళకు కొషిత్సే నుంచి ప్రత్యేక విమానాలు నడిచాయి. విద్యార్థులను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగలో భాగంగా కేంద్రమంత్రి కిరెన్ రిజిజు అక్కడే ఉండి చూసుకున్నారు. చోప్ జంక్షన్ పేరు ఆంధ్ర, తెలంగాణ ఇళ్ళల్లో కొన్ని రాత్రులు ఫోన్లలో మారుమోగింది.

సెల్మెంత్స్ నడక గేటులోంచి కూడా ఆ రోజుల్లో తల్లులూ పిల్లలూ సూట్‌కేసులు లాక్కుంటూ దాటారు. 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు మాత్రం సైనిక చట్టం ప్రకారం దేశం విడిచి వెళ్ళకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, 2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ళవాళ్ళకు సడలింపు వచ్చింది. అంటే చిన్న సెల్మెంత్స్‌లో నలభై ఏళ్ళ మనిషికి, వీసా బాధ తప్పిన అయిదేళ్ళకే, ఎదురుగా కనిపించే పెద్ద సెల్మెంత్స్ మళ్ళీ అందకుండా పోయింది.

ఇక యాత్రకు వెళ్ళి చూద్దామనుకునేవాళ్ళకు ఒక్క మాట. గేటు పెట్టినప్పుడే దాన్ని ఐరోపా దేశాల పౌరులకూ ఉక్రెయిన్ పౌరులకూ కేటాయించారు. భారతీయ పాస్‌పోర్టుతో వచ్చినవాళ్ళు యుద్ధం లేని రోజుల్లో కూడా ఉజ్‌హొరోద్ మీదుగా, ఒకప్పుడు ఆ ఊరివాళ్ళు చుట్టు తిరిగిన దారినే చుట్టు తిరగాలి.